చదరంగపు బల్లపై పెక్కు మెదళ్లు

కర్నూలు, కడప జిల్లాల మెట్టపొలాల్లో పదిమంది కూలీలు కలిసి వేరుశనగ చెట్లు పీకితే, ఒక్కరు పదిరోజులు చేసే పని ఒక్కరోజులో ముగుస్తుంది. అదే పొలంలో నీటికోసం పదిచోట్ల ఒకేసారి బోర్లు వేయించారనుకుందాం. మొదటి బోరులోనే చాలినంత నీరు పడితే తక్కిన తొమ్మిదింటికి పెట్టిన ఖర్చు వృథాయే గదా! పలువురు కలిసినంత మాత్రాన ప్రతి పనీ అన్ని రెట్లు వేగంగా సాగదు. చదరంగం ఆడే కంప్యూటర్లకూ ఈ సత్యం వర్తిస్తుంది.

చదరంగంలో ఒక్కొక్క స్థితిలో సగటున 35 ఎత్తులు సాధ్యం. ఎత్తుకు పైఎత్తు ఆలోచిస్తే 1,225 స్థితులు, నాలుగెత్తుల వరకు చూస్తే సుమారు 15 లక్షల స్థితులు ఏర్పడతాయి. ముందు చూసిన ఎత్తుకన్నా మరొక ఎత్తు మేలు కాదని తేలగానే దాని తక్కిన శాఖలను విడిచిపెట్టే పద్ధతిని ‘ఆల్ఫా-బీటా’ అంటారు. ముందు తేలిన ఫలితం తరువాతి శ్రమను తగ్గిస్తుందన్నమాట. పలు ప్రాసెసర్లు ఒకేసారి పనికి పూనుకుంటే, విడువదగిన శాఖలను కూడా కొన్ని శోధిస్తూ ఉంటాయి. అందువల్ల ప్రాసెసర్లు పదింతలైనా వేగం పదింతలు కాదు.

ఈ చిక్కును విప్పే కృషికి అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం ఒక ముఖ్య కేంద్రం. నాటి చిత్తూరు జిల్లా కాటూరులో 1937లో జన్మించిన రాజ్‌రెడ్డి 1969లో అక్కడ అధ్యాపకులుగా చేరారు. కృత్రిమ మేధలో చేసిన కృషికి 1994లో ట్యూరింగ్ పురస్కారం పొందారు. చదరంగ యంత్రాలను నిర్మించినవారు ఆయన సహాచార్యులు, అక్కడి విద్యార్థులు. హాన్స్ బెర్లినర్ బృందం రూపొందించిన ‘హైటెక్’ యంత్రంలో బల్లపై గడికొకటి చొప్పున 64 చిప్‌లు ఉండేవి. ఫెంగ్ సియుంగ్ సూ, ముర్రే కాంప్‌బెల్, థామస్ అనంతరామన్ మొదలైన విద్యార్థుల ‘డీప్ థాట్’ 1989లో ప్రపంచ కంప్యూటర్ చదరంగ పోటీలో గెలిచింది. అదే ఏడాది కాస్పరోవ్ చేతిలో రెండు ఆటలూ ఓడింది.

సూ, కాంప్‌బెల్ ఆ తరువాత ఐబీఎం సంస్థలో ‘డీప్ బ్లూ’ను తీర్చిదిద్దారు. 480 చదరంగ చిప్‌లతో సెకనుకు 20 కోట్ల స్థితులను పరిశీలించిన ఆ యంత్రం 1997 మే నెలలో కాస్పరోవ్‌ను 3.5–2.5 తేడాతో ఓడించింది.

అయితే గెలిచినది ప్రోగ్రాము రాసినవారి తెలివా, యంత్రానికి వెచ్చించిన ధనమా? పెద్ద యంత్రం లేని ప్రతిభావంతునికి ఇది న్యాయానికి సంబంధించిన ప్రశ్న. అందుకే 2009లో పాంప్లోనాలో జరిగిన ప్రపంచ పోటీలో ఎనిమిది కోర్లకు మించరాదని నియమం పెట్టారు. 2010 నుండి అందరూ ఒకే రకం యంత్రాలపై ఆడే ప్రత్యేక పోటీని ప్రారంభించారు.

కడప జిల్లా ఇడుపులపాయలో ప్రాంగణం గల రాజీవ్‌గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం 2008లో ఏర్పడినప్పుడు, దానికి తొలి కులపతి రాజ్‌రెడ్డే. పల్లెటూళ్ల విద్యార్థులకు అవకాశం కల్పించడం ఆ సంస్థ ఆశయం. ప్రతిభ ఎక్కడైనా పుడుతుంది. అందరికీ సమానమైన బల్ల దొరికినప్పుడే దాని నిజమైన బలం తెలుస్తుంది.