గల్ఫ్ పైసలు అచ్చిరావా? ముందు మిత్తి లెక్క చూడండి

“గల్ఫ్ పైసలు మనకచ్చిరావు బిడ్డా. మనిషే పోయినంక గా కాయిదాలేం జేసుకుంటవ్?”

దుబాయి నుంచో సౌదీ నుంచో శవపెట్టె దిగిన ఇంట్లో, దినాలు కూడా కాకముందే కోడలికి పెద్దవాళ్లు చెప్పే మాట ఇది. ఊరడింపుకే అన్నారనుకుందాం. కానీ ఆ మాట విన్న పిల్ల బీమా కాగితాన్ని చీరల మడతల్లో పెట్టేస్తుంది. కలెక్టరాఫీసు మెట్లెక్కితే మొగుడి చావుకు వెల కట్టిందని నలుగురూ అనుకుంటారని భయపడుతుంది. చూస్తుండగానే నెలలు గడుస్తాయి. అప్పిచ్చిన సావుకారికి మాత్రం ఇలాంటి బెరుకు ఉండదు. నెల తిరిగేసరికి మిత్తికి వచ్చి గడపలో కూర్చుంటాడు. ఎవరికీ అచ్చిరాని పైసలు ఆయనకొక్కడికి అంత బాగా ఎట్లా అచ్చొస్తున్నాయో అడిగినవాళ్లు లేరు.

నిజామాబాద్ నుంచి, ఆర్మూర్ నుంచి, నిర్మల్ నుంచి శంషాబాద్ విమానాశ్రయానికి పోయే బండ్లు 44వ నంబరు హైవే మీద ఇందల్వాయి టోల్‌గేటు దాటాల్సిందే. శంషాబాద్ నుంచి పెట్టెలు తెచ్చే అంబులెన్సులు కూడా అదే గేటు గుండా వస్తాయి. రెండూ చూసిన ఊళ్లలో ఇలాంటి నమ్మకం పుట్టడం వింత కాదు. ఇన్నేళ్ల వలస తర్వాత కూడా ఒక్కసారి కాగితం మీద లెక్క వేసుకోకుండా నెపం అంతా అదృష్టం మీదికి నెట్టేయడమే వింత.

ఈ నమ్మకం పూర్తి పాఠం ఇది: పుట్టిన ఊరు విడిచి, పెండ్లాం పిల్లలను ఏడిపించి సంపాదించిన డబ్బు కాబట్టి అందులో సుఖం ఉండదు. సాక్ష్యాలకు కొదవ లేదు. పదేళ్లు ఉండి వచ్చినవాడి ఇల్లు స్లాబు దగ్గరే ఆగింది. ఇంకొకడు బిడ్డ పెళ్లి చేసి మళ్లీ వీసా కోసం తిరుగుతున్నాడు. మరొకడు చేతిలో చిల్లిగవ్వ లేకుండా దిగాడు. చూసినవన్నీ నిజమే, తీసిన తీర్పే తప్పు. వీళ్ల డబ్బు ఇంటికి వచ్చి నిలవకుండా పోలేదు. చాలావరకు అసలు ఇంటికే రాలేదు.

లెక్క కోసం ఒక మనిషిని ఊహించుకుందాం. ఏజెంటుకు ఇవ్వడానికి నూటికి మూడు రూపాయల మిత్తికి 1,20,000 అప్పు తెచ్చాడు. నెలకు మిత్తి 3,600. దుబాయిలో జీతం 1,200 దిర్హాములు. తిండికి, ఫోనుకు 400 పోను 800 పంపుతాడు. దిర్హాముకు 23 రూపాయలు వేసుకుంటే 18,400. ఇంట్లో కిరాణాకు, పిల్లల ఫీజులకు, ముసలివాళ్ల మందులకు 10,000 అనుకోండి. మిగిలిన 8,400 మొత్తం సావుకారికే పోవాలి. మిత్తి పోగా మిగిలింది నెలనెలా అసలులో కోసుకునే దయగల సావుకారి దొరికితే అప్పు 19 నెలలకు తీరుతుంది. “అసలు ఒక్కపారే కట్టాలె” అనేవాడైతే, నెలకు 4,800 చొప్పున కూడబెట్టడానికి 25 నెలలు పడుతుంది. వాడి కాంట్రాక్టు ఎంత? ఎక్కువగా రెండేళ్లే. అంటే మొదటి కాంట్రాక్టు మొత్తం ఏజెంటుకూ సావుకారికీ చేసిన వెట్టి. ఈలోగా ఇంట్లో ఎవరికీ జ్వరం రాకూడదు, బోరు ఎండకూడదు, ఏ చుట్టం పెళ్లికీ పిలవకూడదు.

ఇప్పుడు ఆ 1,20,000 సంగతి చూద్దాం. కేంద్రం దగ్గర రిజిస్టరైన రిక్రూటింగ్ ఏజెంటు సేవా రుసుముగా తీసుకోగలిగింది 30,000 రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ. మొత్తం 35,400. అదే మనిషి, అదే జీతం, అదే మూడు రూపాయల మిత్తి, అప్పు మాత్రం 35,400 అయితే అయిదు నెలల్లో తీరిపోతుంది. వైద్య పరీక్షలకు, పాస్‌పోర్టుకు ఇంకొంత కలిపినా ఏడాది దాటదు. రెండో ఏడాది సంపాదన ఇంటికి చేరుతుంది. అప్పుడు ఈ పైసలు కూడా అచ్చొస్తాయి. శాపం ఉన్నది 35,400కూ 1,20,000కూ మధ్య తేడాలో. ఆ తేడా ఎవరి జేబులోకి పోయిందో ఊరందరికీ తెలుసు, ఆయన పెళ్లిళ్లలో ముందు వరుస కుర్చీలో ఉంటాడు.

దూరపు సొమ్ము కాబట్టి సుఖం లేదంటారు. మరి దగ్గరి సొమ్ము సంగతేమిటి? 1937లో పెట్టిన బోధన్ నిజాం షుగర్ ఫ్యాక్టరీ ఒకప్పుడు ఆసియాలోకెల్లా పెద్దదని పేరు. ఫ్యాక్టరీ జీతం అచ్చిరాదని శక్కర్‌నగర్ క్వార్టర్లలో ఎవరైనా అన్నారా? నెల తిరగ్గానే జీతం, ఉండటానికి క్వార్టర్, పీఎఫ్. ఆ డబ్బుతో పిల్లలు చదువుకున్నారు, ఇళ్లు లేచాయి, పండుగలు పండుగల్లాగే జరిగాయి. 2002లో ఎక్కువ వాటా ప్రైవేటు చేతికి పోయింది, 2015 డిసెంబరులో గేటుకు తాళం పడింది. కార్మికులు బకాయిల కోసం తిరిగి తిరిగి అలిసిపోయారు. వాళ్ల సుఖం పోయింది డబ్బు వచ్చినందుకు కాదు, ఆగినందుకు. ‘డబ్బులో సుఖం లేదు నాయనా’ అని వాళ్ల ముందు నిలబడి చెప్పి చూడండి.

చక్కెర ఫ్యాక్టరీ మాట వచ్చింది కాబట్టి చెరుకు రైతుల మీద జరిగిన ఒక పరిశోధన గురించి చెప్పాలి. తమిళనాడులోని విల్లుపురం, తిరువణ్ణామలై ప్రాంతాల్లో 464 మంది చెరుకు రైతులకు కోతకు ముందొకసారి, కోత అయ్యాక ఒకసారి బుర్రకు పని పెట్టే పరీక్షలు పెట్టారు. ఫలితాలు 2013లో ‘సైన్స్’ పత్రికలో వచ్చాయి. చేతిలో పైసా లేక, నగలు కుదువ పెట్టుకునే కోతకు ముందు రోజుల్లో ఆ రైతులే తక్కువ మార్కులు తెచ్చుకున్నారు. డబ్బు చేతికొచ్చాక వాళ్లే మెరుగ్గా చేశారు. మనిషి మారలేదు, చదువు మారలేదు, పొలం మారలేదు. చెరుకు బిల్లు కోసం ఫ్యాక్టరీ చుట్టూ తిరిగిన బోధన్ రైతుకు ఈ సంగతి ఏ పత్రికా చెప్పనక్కర్లేదు. అప్పు తలలో కూర్చుంటే ఇంకేదీ తలకెక్కదు. కెన్యాలో పేద కుటుంబాలకు ఏ షరతూ లేకుండా డబ్బు చేతికిచ్చి చూసిన ఇంకో అధ్యయనం 2016లో వచ్చింది. తిండి మెరుగుపడింది, మనసుకు ఊరట దొరికింది, తాగుడు ఖర్చు పెరగలేదు. “పైసలిస్తే తాగి తందనాలాడుతరు” అని రచ్చబండ దగ్గర తీర్పులిచ్చేవాళ్లు ఈ చివరి ముక్కను రెండుసార్లు చదువుకోవాలి.

పైసలు అచ్చిరావన్న ఈ అపోహ అసలు దెబ్బ కొట్టేది ఆడవాళ్లను. మొగుడు పంపింది మిత్తికే చాలనప్పుడు ఇల్లు నడిపింది ఎవరు? చేట ముందు పెట్టుకుని వెయ్యి బీడీలకింత అని లెక్క కట్టించుకున్న భార్య. ఆమె కూలి ఎవరి కంటికీ ఆనదు. తీరా డబ్బు నిలవలేదని తేలాక “దాని పాదం మంచిది గాదు, వచ్చిన పైసలు నిలుపుకోలె” అంటారు. ఏజెంటు పాదం గురించి, సావుకారి పాదం గురించి ఎవరూ మాట్లాడరు.

ఇక మొదట చెప్పిన కాగితాల సంగతి. ఎమిగ్రేషన్ క్లియరెన్స్ తీసుకుని పోయే ఈసీఆర్ పాస్‌పోర్టు కార్మికులకు ‘ప్రవాసీ భారతీయ బీమా యోజన’ తప్పనిసరి. రెండేళ్లకు ప్రీమియం 275, మూడేళ్లకు 375, పైన పన్ను. ప్రమాదంలో చనిపోయినా, శాశ్వతంగా అంగవైకల్యం వచ్చినా 10 లక్షలు వస్తాయి. ఇక్కడొక సంగతి ఏజెంట్లు చెప్పరు: గుండెపోటుతో పోతే ఆ 10 లక్షలు రావు. విజిట్ వీసా మీద పోయినవాడికి అసలు ఈ బీమాయే ఉండదు. రెండోది, గల్ఫ్‌లో చనిపోయిన కార్మికుల కుటుంబాలకు తెలంగాణ ప్రభుత్వం ఇచ్చే 5 లక్షలు. 2023 డిసెంబరు 7 నుంచి జరిగిన మరణాలకు ఇది వర్తిస్తుంది, దరఖాస్తు కలెక్టరుకు ఇవ్వాలి. మూడోది, కంపెనీ ఇవ్వాల్సిన గ్రాట్యుటీ. యూఏఈలో ఏడాది దాటితే మొదటి అయిదేళ్లకు ఏడాదికి 21 రోజుల మూలవేతనం. సౌదీలో మొదటి అయిదేళ్లకు ఏడాదికి సగం నెల జీతం, ఆ తర్వాత ఏడాదికి నెల జీతం. 1,000 రియాళ్ల జీతానికి ఎనిమిదేళ్లు చేసి, కాంట్రాక్టు ముగించుకుని వచ్చేవాడికి 5,500 రియాళ్లు రావాలి. లక్ష రూపాయలకు పైమాటే. “ఇంటికి పోతే చాలు” అని తెల్లకాగితం మీద సంతకం పెట్టి విమానమెక్కేవాడు వదులుకునేది అదే. ఇది దానం కాదు, శవం మీద ఏరుకున్న చిల్లర అంతకన్నా కాదు. వాడు చేసిన పని తాలూకు బాకీ.

చిన్నాచితకా నమ్మకాలను ఇక్కడే ఊడ్చేద్దాం. లాటరీ తగిలినవాళ్లలో 70 శాతం మంది దివాలా తీస్తారని ఫోన్లలో తిరిగే అంకెను, ఏ అమెరికా సంస్థ పేరు మీద తిప్పుతున్నారో ఆ సంస్థే 2018లో తనది కాదని చెప్పింది. స్వీడన్‌లో పెద్ద బహుమతులు గెలిచినవాళ్లను ఏళ్ల తర్వాత అడిగితే బతుకు మీద తృప్తి పెరిగిందనే చెప్పారు. అట్లని టికెట్ల కోసం ఎగబడకండి. 2019లో మన నిజామాబాద్ జిల్లా మనిషికే అబుదాబి లాటరీలో కోటిన్నర దిర్హాములు తగిలిన మాట నిజం, కానీ లాటరీ టికెట్లకు ఇక్కడి నుంచి విదేశాలకు డబ్బు పంపడం ఫెమా నిబంధనల ప్రకారం నిషిద్ధం. పాత గడీల్లో గుప్తనిధులు తవ్వితే దరిద్రం తీరుతుందా? దొరికిందే అనుకున్నా, 1878 నాటి చట్టం ప్రకారం పది రూపాయల విలువ దాటిన నిధి గురించి కలెక్టరుకు చెప్పాల్సిందే, చెప్పకుండా దాస్తే జైలు కూడా పడొచ్చు. శుక్రవారం అప్పు తీరిస్తే లక్ష్మి పోతుందట. పోయేది మిత్తి.

సంపాదన ఒక హద్దు దాటాక సుఖం పెరగదన్న మాట కూడా బాగా తిరుగుతోంది. 2010లో కానెమన్, డీటన్ అనే ఇద్దరు పండితులు అమెరికాలో ఆ హద్దు ఏడాదికి 75,000 డాలర్లన్నారు. 2023లో కానెమనే మరో ఇద్దరితో కలిసి మళ్లీ లెక్క చూసి, చాలామందికి ఆ తర్వాత కూడా పెరుగుతూనే ఉంటుందని, బాగా దిగులులో ఉన్న కొద్దిమందికే లక్ష డాలర్ల దగ్గర ఆగిపోతుందని తేల్చారు. లక్ష డాలర్లంటే 80 లక్షల పైన. ఆ హద్దు దాటిపోతామేమో అని బెంగపెట్టుకోవాల్సినవాళ్లు ఇందల్వాయి మండలంలో ఉంటే చేయెత్తండి.

ఒక్కదానికి మాత్రం ఒప్పుకోక తప్పదు. పొద్దున లేచింది మొదలు ఇంట్లో ఉండాల్సిన మనిషి లేని లోటును పంపిన డబ్బు పూడ్చదు. ఆ స్వీడన్ లెక్కల్లో కూడా బతుకు మీద తృప్తి పెరిగినంతగా రోజువారీ సంతోషం పెరగలేదు. వీడియో కాల్‌లో తండ్రిని చూసి సిగ్గుపడి తల్లి కొంగు చాటుకు పోయే పిల్లవాడికి రియాలు రేటు చెప్పి ఏం లాభం? నడివయసు దాటాక తిరిగొచ్చి సొంతింట్లోనే చుట్టంలా కూర్చునే మగవాళ్లు ప్రతి ఊళ్లో ఉన్నారు. ‘డబ్బుతో అన్నీ రావు’ అనే పెద్దల మాటకు ఇక్కడ కొంత బలముంది. ఇష్టం లేకపోయినా ఇస్తున్నాను ఆ మార్కులు. అయితే ఈ ఎడబాటును పదేళ్లకు సాగదీసింది ఏమిటో కూడా వాళ్లే చెప్పాలి. అయిదు నెలల్లో తీరాల్సిన అప్పు రెండేళ్లు పట్టడం వల్లే కదా ఒక కాంట్రాక్టు రెండైంది, రెండు నాలుగయ్యాయి.

కాబట్టి పోవాలనుకుంటే లెక్కగా పోండి. ఏజెంటు పేరు కేంద్రం నడిపే ఇ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో ఉందో లేదో చూడండి, చూడటం రాకపోతే డిగ్రీ చదివే పిల్లలనో మీసేవ వాళ్లనో అడగండి. రాష్ట్ర ప్రభుత్వానిదే టామ్‌కామ్ అనే సంస్థ ఉంది, అక్కడ కూడా కనుక్కోండి. విజిట్ వీసా మీద పని చూపిస్తానన్నవాడు మీ చుట్టమైనా సరే నమ్మొద్దు. పంపిన డబ్బు మొదట అప్పుకు, తర్వాత అత్యవసరానికి కొంత, ఆ తర్వాతే స్లాబుకు. పక్కింటివాడు రెండంతస్తులు లేపాడని పిల్లర్లు వేస్తే ఇల్లు లేవదు, అప్పు లేస్తుంది. డబ్బు మామ ఖాతాకో బావ ఖాతాకో కాదు, ఇల్లు నడిపే భార్య ఖాతాకు పంపండి. లెక్క రాసేది ఆమె కాబట్టి. పాస్‌పోర్టు, వీసా, కాంట్రాక్టు, బీమా పత్రం జిరాక్సులు ఇంట్లో ఉంచిపోండి. రెండేళ్లకే బీమా చేయించుకుని మూడో ఏడాది అక్కడే ఉండిపోతే, పునరుద్ధరించుకోవడం మరవొద్దు.

పెట్టె వచ్చిన ఇంటికి పరామర్శకు పోయేవాళ్లకు వేరే మనవి. అచ్చిరావడం గురించి మాట్లాడకండి. ఆ పిల్ల వెంట కలెక్టరేట్ దాకా ఒకరు తోడు పోండి. అక్కడ పని జరగకపోతే హైదరాబాద్ ప్రజాభవన్‌లో ప్రవాసీ ప్రజావాణి ఉంది, అక్కడికీ పోండి.

వచ్చే నెల మీ ఇంట్లోంచి ఎవరైనా విమానం ఎక్కబోతుంటే ఏజెంటును రిజిస్ట్రేషన్ నంబరు అడగండి, కట్టిన ప్రతి రూపాయికీ రసీదు అడగండి. రెండూ ఇవ్వనంటే పాస్‌పోర్టు వెనక్కి తీసుకుని ఇంటికి రండి.