గంజాయి నిర్మూలన ప్రచారము: రైతుల కర్తవ్యము

మాదక ద్రవ్యముల నరికట్టుటకై ప్రభుత్వము వారు గోడపత్రికల నంటించుచున్నారు. బడులలో ప్రతిజ్ఞలు చేయించుచున్నారు. ఏటేట జూన్ 26వ తేదీన ఊరేగింపులు జరిపించుచున్నారు. 2020 ఆగస్టు 15వ తేదీన కేంద్ర ప్రభుత్వము 272 జిల్లాలలో ‘నశా ముక్త భారత్’ అను ఉద్యమము నారంభించినది. ఆంధ్రప్రదేశ ప్రభుత్వము 2024లో ‘ఈగల్’ అను ప్రత్యేక దళమును నెలకొల్పినది. ఇవన్నియు చూచి, “ఈ ప్రచారముల వలన ఒరుగునదేమి? పట్నవాసుల వ్యసనములతో సేద్యగాండ్రకు పనియేమి?” అని అడుగువారు కలరు. ఈ రెండు ప్రశ్నలకును సమాధానము చెప్పుట యవసరమని తలచి యీ వ్యాసమును వ్రాయుచున్నాము.

రైతునకు గల సంబంధము

గంజాయి యంత్రశాలలో పుట్టునది కాదు, నేలలో పండునది. విశాఖ మన్యములో దీని సేద్యము వ్యాపించిన విధము అందరెరిగినదే. బయటి వర్తకుడు విత్తనమును, చేతికి కొంత రొక్కమును ఇచ్చును. పంట చేతికి రాగానే తానే కొనిపోవును. రైతు సంతకు మోయవలసిన పని లేదు, ధర కొరకు వేచియుండవలసిన పని లేదు. ఇట్టి సౌకర్యము మరి యే పైరునకును లేకపోవుటయే అసలు చిక్కు. అయితే లాభములో పెద్దపాలు వర్తకునిది, అపాయములో పెద్దపాలు రైతుది. సోదా జరిగినప్పుడు దొరకునది పొలముగలవాడును, కూలికి మూట మోసినవాడునే గాని పెట్టుబడి పెట్టినవాడు కాడు.

1985వ సంవత్సరపు మాదక ద్రవ్యముల చట్టము ప్రకారము గంజాయి మొక్కను పెంచినవారికి 10 ఏండ్ల వరకు కఠిన శిక్షయు, లక్ష రూపాయల వరకు జుల్మానాయు విధింపవచ్చును. 20 కిలోగ్రాములకు మించిన సరుకుతో పట్టుబడినవానికి శిక్ష 10 ఏండ్లకు తక్కువ కాదు, 20 ఏండ్ల వరకు ఉండవచ్చును. ఇదే చట్టము 46వ సెక్షనులో మరియొక విషయము కలదు. తన భూమిలో ఇతరులెవరైనను అక్రమముగా గంజాయి వేసినట్లు తెలిసియు పోలీసువారికి గాని సంబంధించిన అధికారులకు గాని తెలుపక యూరకున్న భూస్వామియు శిక్షార్హుడే. 47వ సెక్షను ప్రకారము సర్పంచులును గ్రామోద్యోగులును ఇట్టి సమాచారమును వెంటనే తెలుపవలయును. కావున పొలమును కౌలుకిచ్చి పట్నములో నుండువారు అప్పుడప్పుడు వచ్చి తమ చేనిని చూచుకొనుట మంచిది.

ఇక వాడువారి మాట. 2019లో వెలువడిన కేంద్ర ప్రభుత్వపు సర్వే ప్రకారము దేశములో సుమారు 3 కోట్ల 10 లక్షలమంది ఒక్క సంవత్సరములో గంజాయినో, భంగు మొదలగు తత్సంబంధమైన పదార్థములనో సేవించినవారే. ఎదుగు వయస్సులో దీనికి అలవడిన బాలురకు జ్ఞాపకశక్తియు చదువుమీది శ్రద్ధయు తగ్గును. కొందరికి మతిభ్రమయు కలుగును. ఈ బాలురు పట్నములలోనే కాదు, మన పల్లెలలోను ఉన్నారు.

ప్రచార మెచ్చట ఫలించినది?

ప్రచారమంతయు ఫలించునని మేము చెప్పము. అమెరికా ప్రభుత్వము 1998 మొదలు 2004 వరకు నూరు కోట్ల డాలర్లకు మించి వ్యయపరచి యువకులను హెచ్చరించు ప్రకటనలను ప్రచురించినది. తీరా పరిశీలింపగా, ఆ ప్రకటనల వలన యువకులలో మాదక ద్రవ్యముల వాడుక తగ్గినట్లు కనబడలేదు. దూరము నుండి చెప్పిన హితవు చెవిని బడినను మనస్సున నాటుట యరుదు.

మన నెల్లూరు జిల్లాలో జరిగిన దీనికి భిన్నము. 1990 తరువాత అక్కడ ప్రభుత్వము అక్షరాస్యతా ఉద్యమమును నడిపినది. రాత్రిబడులలో స్త్రీలు చదువు నేర్చుకొనుచు తమ కష్టములను గూర్చి మాట్లాడుకొనిరి. ఆ మాటలలో సారా ప్రసక్తి వచ్చినది. 1992లో దూబగుంట స్త్రీలు తమ యూర సారా అమ్మకమును ఆపించిరి. ఆ వార్త విని అనేక గ్రామముల స్త్రీలు సారా పాటలను అడ్డగించిరి. 1993 అక్టోబరు 1వ తేదీన రాష్ట్రములో సారా నిషేధింపబడెను. 1995 జనవరిలో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధమును ప్రభుత్వమే 1997లో సడలించినది గాని సారా నిషేధము మాత్రము నిలిచినది. ప్రభుత్వము చేసినది చదువుకొనుటకు, కూడి మాట్లాడుకొనుటకు చోటు కల్పించుట. తక్కినదంతయు గ్రామమే చేసికొన్నది.

విశాఖ మన్యములో 2021 చివర ‘పరివర్తన’ యను కార్యక్రమము జరిగినది. అధికారులు గ్రామములకు పోయి సభలు జరిపిరి. కొన్నియూళ్లలో గిరిజనులు తామే తమ తోటలను నరికివేసిరి. మొత్తము 7,500 ఎకరములకు పైగా పంట ధ్వంసమైనది. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి చెంత సుమారు 2 లక్షల కిలోగ్రాముల గంజాయిని తగులబెట్టిరి. ఇది గొప్ప పనియే. కాని నరికిన చేనిలో మరునాడు ఏమి విత్తవలయునన్నది వేరు ప్రశ్న. ఆ ప్రశ్నకు జవాబు లేనిచో వర్తకుడు మరల రాగలడు.

థాయిలాండు కొండలలో ఈ ప్రశ్నకే ముందుగా జవాబు వెదకిరి. అచ్చటి కొండజాతులవారు నల్లమందు మొక్కను పెంచి జీవించుచుండిరి. 1969లో ఆరంభమైన రాజాదరణ గల పథకము క్రింద వారికి కాఫీ, పండ్లు, శీతల ప్రదేశపు కూరగాయలు మొదలగువానిని నేర్పి, బాటలు వేసి, సరుకు కొనుటకు ఏర్పాటు చేసిరి. పైరును ధ్వంసము చేయుట 1980 తరువాత గాని గట్టిగా మొదలిడలేదు. కొన్ని దశాబ్దములలో నల్లమందు సేద్యము అచ్చట దాదాపు అంతరించినది.

సహకార సంఘముల పని

మన మన్యమునకును ఇట్టి ఆధారము కలదు. అరకు ప్రాంతపు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు లభించినది. 1956లో స్థాపింపబడిన గిరిజన సహకార సంస్థ గిరిజనుల యొద్ద కాఫీని, మిరియములను, పసుపును, అటవీ ఫలసాయమును కొనుచున్నది. అయితే కాఫీ మొక్క నాటిన మూడు నాలుగేండ్లకు గాని కాపునకు రాదు. గంజాయి కొన్ని నెలలలోనే రొక్కమిచ్చును. ఈ మూడు నాలుగేండ్ల యెడమే వర్తకునికి దారి. ఆ యెడమున రైతు ఏమి తినును? ఎవరి యొద్ద అప్పు తెచ్చును? ఉపన్యాసము వలన గాని శిక్షాభయము వలన గాని ఈ యెడము పూడదు. రాజ్మా, పసుపు, అల్లము వంటి ఏడాదిలోపు పంటలకు పెట్టుబడి సకాలములో అందించుట, సరుకును తూకములో మోసము లేకుండ కొని సొమ్మును వెంటనే చెల్లించుట, ఇవే దానిని పూడ్చును. ఇవి సహకార సంఘములు చేయవలసిన పనులు. మా యభిప్రాయములో ప్రభుత్వ ప్రచారము దుక్కి వంటిది. దున్నినంత మాత్రమున గింజ రాలదు, దున్నకున్నను రాలదు.

కావున సభ్యులకు మా మనవి యిది. బయటివారు హెచ్చు కౌలు చూపి మారుమూల చేనిని అడిగినచో పైరేమని విచారింపుడు. అనుమానము కలిగిన 1972 నంబరునకు తెలుపుడు. ఇది ఆంధ్రప్రదేశములో ఇందులకై ఏర్పడినది. ఇంట ఎవరైనను వ్యసనమున చిక్కినచో దాచక 14446 నంబరునకు ఫోను చేసి చికిత్సకు దారి తెలిసికొనుడు. స్వల్ప పరిమాణముతో పట్టుబడిన వ్యసనపరుడు తానై గుర్తింపుగల చికిత్సాలయములో చేరి చికిత్సను పూర్తి చేసికొన్నచో విచారణ నుండి మినహాయింపు పొందుటకు 64-ఏ సెక్షను వీలు కల్పించుచున్నది. సంఘముల కార్యవర్గములు రాబోవు సర్వసభ్య సమావేశమున ఈ విషయమును చర్చకు పెట్టి, సన్నకారు రైతుల పంట ఋణములలో ఆలస్యమెచ్చట జరుగుచున్నదో పరిశీలింపవలెనని కోరుచున్నాము. మన సంఘము ఇవ్వవలసిన అప్పు ఒక నెల ఆలస్యమైనచో, ఆ నెలలోనే వర్తకుడు రైతు గుమ్మము త్రొక్కునని మరువరాదు.