మట్టిగోడకు చెప్పులు, గొడుగు



ఇల్లు కట్టి చూడుము, పెండ్లి చేసి చూడుము అని మనవారి సామెత. నేడు నేను చెప్పబోవునది ఇంటిని గూర్చియే. అందును మట్టిగోడను గూర్చి. పెరటిగోడ, పశువుల కొట్టము, కట్టెల గది మొదలగువానిని మన చేతులతో మనమే కట్టుకొనవచ్చును. పలమనేరు, పుంగనూరు, కుప్పము ప్రాంతములందు ఇందుకు తగిన ఎఱ్ఱమట్టి కాలిక్రిందనే యున్నది. అయినను మట్టిగోడ నిలువదను మాట నేడు ఇంటింట వినబడుచున్నది. ఈ మాట సరికాదు. గోడను కూల్చునది మట్టి కాదు, నీరు. వర్షము విస్తారముగా గల ఇంగ్లండునందలి డెవన్ సీమలో మట్టియు గడ్డియు కలిపి కట్టిన ఇండ్లు కొన్ని వందల యేండ్లుగా నిలిచి, నేటికిని కాపురములకు పనికివచ్చుచున్నవి.

మొదట మట్టిని పరీక్షింపవలెను. గాజుసీసాలో మూడవవంతు మట్టి పోసి, నీరు నింపి, చిటికెడు ఉప్పు వేసి బాగుగా కుదిపి, కదల్పక ఉంచుడు. ఇసుక నిమిషములో అడుగునకు దిగును. దానిపై ఒండ్రు పేరుకొనును. మఱునాటికి బంక అన్నిటికంటె పైన తేరును. మొత్తములో ఇంచుమించు అయిదవవంతు బంక యున్నచో ఆ మన్ను గోడకు తగినది. సీసా లేనివారు తడిమట్టిని బొటనవ్రేలి లావున పేని, బల్ల అంచునుండి మెల్లగా ముందునకు త్రోయవలెను. రెండంగుళములకు లోపుననే తెగిన ఇసుక హెచ్చు. ఆరంగుళములు దాటినను తెగనిచో బంక హెచ్చు. ఇసుక హెచ్చైనచో కుమ్మరులు వాడు చెఱువు మన్నును, బంక హెచ్చైనచో వంక యిసుకను కలిపి సరిచేయవలెను. బంక లేని గోడ రాలును. బంక మిక్కుటమైన గోడ ఎండి పగులును.

మట్టిలో తరిగిన వరిగడ్డి కలిపి, మూడు నాలుగు దినములు నాననిచ్చి, కాళ్లతో తొక్కవలెను. మట్టి ఎండునపుడు కుంచించుకొనును. గడ్డి దానిని పట్టి యుంచుటచే పెద్ద బీటలు పడవు. గోడ అడుగున అడుగున్నర మందముండవలెను. ఒకమాఱు అడుగున్నర యెత్తు మాత్రమే పెట్టి, వారము దినములు ఆరిన పిమ్మటనే పైవరుస ఎత్తవలెను. తొందరపడినచో తన బరువునకు తానే ఉబ్బి వంగును. సంక్రాంతి వెళ్లినంతనే పని మొదలిడినచో వానలకు ముందుగా గోడ ఎండును.

ఇక చెప్పులును, గొడుగును. గట్టినేల తగులువఱకు పునాది త్రవ్వి, నేలకు అడుగున్నర పైదాక రాతికట్టు కట్టి, దానిమీదనే మట్టి పెట్టవలెను. ఇదియే గోడకు చెప్పు. నీరు గోడకు దూరముగా పాఱునట్లు నేల వాలుగా ఉండవలెను. చూరు రెండడుగులు ముందునకు రావలెను. కప్పు లేని ప్రహరికి తలపై బండలో, పెంకులో పఱవవలెను. ఇదియే గొడుగు. ఈ రెండును గల గోడకు భయము లేదు.

ఇందు నేను చేసిన తప్పొకటి చెప్పెదను. ఉద్యోగవిరమణానంతరము మా యింటి వెనుకగోడకు సిమెంటు పూత పూయించితిని. వృద్ధుడగు మేస్త్రి, "అయ్యవారూ, మట్టికి ఊపిరాడవలె గదా!" యనెను. చదువుకొన్న గర్వమున నేను వినలేదు. తడికి ఉబ్బుచు, ఎండకు కుంచించుచు నుండు మట్టితో సిమెంటు పొర కలిసి కదలదు. దానికి సన్నని నెఱియలు పడినవి. వానిలో దూరిన నీరు మఱల బయటికి రాలేదు. పైకి చూచిన గోడ దివ్యముగా నున్నది; లోపల అడుసైనది. 2021 నవంబరు వానలలో ఒక రాత్రి అది కూలినది. ఆ గోడ ప్రక్కనే నిత్యము పరుండు మనుమడు ఆనాటి సాయంకాలమే చలియని నడింటికి వచ్చియుండెను. ఆ యొక్క కారణముననే నేడు మీతో ఈ మాట చెప్పగలుగుచున్నాను.

కావున మీ యింట మట్టిగోడపై సిమెంటు పూత యున్నచో వ్రేలి కణుపుతో తట్టి చూడుడు. డొల్లగా మ్రోగిన చోట పూత ఊడదీసి, గోడను ఆరనిచ్చి, మట్టియు పేడయు కలిపి మెత్తి, సున్నము కొట్టుడు. గోడ అడుగు మెత్తబడినచో దాని ప్రక్క ఎవరిని పరుండనీయకుడు.

సిమెంటు పనికిరానిదని నా మాట కాదు. 1974లో బెంగుళూరునందలి భారతీయ విజ్ఞాన సంస్థలో నెలకొన్న 'ఆస్ట్రా' శాఖవారు మట్టి యిటుకల పద్ధతిని పెంపొందించిరి. ఇసుకపాలు గల ఎఱ్ఱమట్టిలో నూటికి 5 మొదలు 8 పాళ్లు సిమెంటు కలిపి, చేతియంత్రమున ఒత్తి, మూడు వారములు తడిపిన ఇటుక గట్టిపడును. కాల్చుటకు కట్టె అక్కఱలేదు. సిమెంటు మట్టిలో కలిసినచో మేలు. మట్టిపై ముసుగైనచో కీడు.

ఈశాన్యపు వానలు రాకమునుపు, ఆశ్వయుజమాసమున ఒక ఉదయము, ఇంటిచుట్టు ఒకమాఱు తిరుగుడు. గోడ పాదమును, తలను చూడుడు. అరపూట పనియే, ఇంటివారి ప్రాణములు దానిమీద ఆధారపడియున్నవి. సెలవు.