పాలబండి వేడెక్కుతుంటే ఏ ఫ్యాను మేలు?

ఎండాకాలంలో పాలబండి దారిలో ఆగిపోతే నష్టం బండి యజమానికి మాత్రమే కాదు. ఆ రూటులో పాలు పోసిన ప్రతి రైతుకూ నష్టమే. పితికిన పాలను త్వరగా 4 డిగ్రీల సెంటీగ్రేడుకు చల్లబరచకపోతే పులుస్తాయి. పులిసిన పాలు కేంద్రానికి చేరినా ఫలితం లేదు. అందువల్ల మట్టిబాటల్లో తిరిగే జీపులు, వ్యాన్లలో బెల్టు ఫ్యాను వుంచుకోవాలా, ఎలక్ట్రిక్ ఫ్యాను పెట్టించాలా అన్న విషయాన్ని ఈసారి వివరిస్తున్నాము.

బెల్టు ఫ్యాను ఇంజనుతోపాటే తిరుగుతుంది. వైర్లు, ఫ్యూజులతో దానికి పని లేదు. పల్లెలో మెకానిక్కు ఎవరైనా బాగుచేయగలడు. బరువుతో చిన్న గేరులో పోయేటప్పుడు బండి మెల్లగా నడిచినా ఇంజను జోరుగానే తిరుగుతుంది కనుక గాలి బాగా అందుతుంది. లోపం ఏమంటే, అవసరం లేనప్పుడు కూడా తిరిగి డీజిలు తింటుంది. ఫ్యాను వేగం రెట్టింపయితే గాలి రెట్టింపే అవుతుంది. కాని తిప్పడానికి కావలసిన శక్తి ఎనిమిది రెట్లవుతుంది. ఈ దుబారా తగ్గించడానికే కొన్ని బండ్లలో సిలికాను నూనెతో పనిచేసే క్లచ్చి అమరుస్తారు. రేడియేటరు గాలి వేడెక్కితే అది పట్టు బిగిస్తుంది, చల్లబడితే సడలుతుంది. నూనె కారిపోతే మాత్రం ఫ్యాను ఊరికే జారుతుంది.

ఎలక్ట్రిక్ ఫ్యానుకు ఇంజను వేగంతో నిమిత్తం లేదు. సంఘం ముందు బండి ఆగి, క్యాన్లు ఎక్కిస్తున్నప్పుడు కూడా పూర్తి గాలి ఇస్తుంది. వేడి పెరిగినప్పుడే తిరుగుతుంది. అయితే కరెంటు ఎక్కడి నుంచి వస్తుంది? 12 వోల్టుల మీద 25 ఆంపియర్లు తీసుకునే ఫ్యానుకు 300 వాట్లు కావాలి. పాత బండిలో ఆల్టర్నేటరు చిన్నదైతే, సాయంత్రం రూటులో హెడ్‌లైట్లు, ఫ్యాను కలిసి బ్యాటరీని దించేస్తాయి. రిలేగాని ఫ్యూజుగాని పోతే ఫ్యాను చప్పుడు లేకుండా ఆగిపోతుంది. ఇంజను కాగేదాకా డ్రైవరుకు తెలియదు.

వాగు దాటేటప్పుడు కూడా తేడా వుంది. తిరుగుతున్న బెల్టు ఫ్యాను నీటిలో మునిగితే రెక్కలు ముందుకు వంగి రేడియేటరును కోయవచ్చు. ఎలక్ట్రిక్ ఫ్యానుకు విడిగా స్విచ్చి పెట్టించుకుంటే నీటిలో దిగేముందు ఆపివేయవచ్చు. ఆపకపోతే మోటారు కాలిపోవచ్చు. వాగు పొంగుతున్నప్పుడు మాత్రం ఏ ఫ్యాను వున్నా దాటవద్దు. పాలకంటే ప్రాణం ముఖ్యం.

ఇంతకీ ఖర్చు పెట్టేముందు చేయవలసిన పరీక్ష ఒకటుంది. బండి ఎప్పుడు వేడెక్కుతున్నదో గమనించండి. ఆగివున్నప్పుడు, మెల్లగా పోతున్నప్పుడు మాత్రమే వేడెక్కితే ముందు ఫ్యానును అనుమానించాలి. తారురోడ్డు మీద వేగంగా పోతున్నప్పుడు కూడా వేడెక్కుతుంటే లోపం ఫ్యానులో వుండకపోవచ్చు. అప్పుడు ఎదురుగాలే రేడియేటరుకు చాలా వరకు సరిపోవాలి. నీరు తక్కువగా వుందా, రేడియేటరు లోపల పాచి పట్టిందా, బయట ఊక, బురద చేరిందా, థర్మోస్టాటు తెరుచుకుంటున్నదా చూడాలి. ఫ్యాను చుట్టూ వుండే రేకు డొప్ప ఊడిపోయిందేమో కూడా చూడండి. అది లేకపోతే ఎంత పెద్ద ఫ్యానైనా వచ్చిన గాలినే మళ్ళీ తిప్పుతుంది.

మా సలహా ఇది. నిండు బరువు మోసే డీజిలు బండికి బెల్టు ఫ్యానే వుంచండి. బెల్టు బిగువు చూస్తూ, స్పేరు బెల్టు ఒకటి బండిలో పెట్టండి. తేలిక జీపు ఎక్కువసేపు నిలబడి పనిచేస్తున్నా, తరచు వాగులు దాటుతున్నా, ఆల్టర్నేటరు తగినంత పెద్దదయితేనే ఎలక్ట్రిక్ ఫ్యాను పెట్టించండి. తాళం తీసినా అది తనంతట తిరగవచ్చు కనుక బ్యాటరీ వైరు విప్పనిదే చేయి పెట్టవద్దు. బెల్టు ఫ్యాను దగ్గరకు కండువాతో పోవద్దు. వేడి రేడియేటరు మూత తీయవద్దు.

ఎండలు ముదరకముందే డ్రైవరుతో ఈ పరీక్ష చేయించి, ఫలితాన్ని బండి లాగుబుక్కులో రాయించవలసిందిగా సంఘాల కార్యదర్శులను కోరుతున్నాము.