తొలి పాటకు చెవి ఒగ్గండి

నలుగురి ముందు తొలిసారి పాడవలసి వచ్చినప్పుడు ఎంతటివారికైనా గొంతు ఎండిపోతుంది. దీన్నే పెద్దలు సభాకంపం అన్నారు. ఇంట్లో గంటలకొద్దీ హాయిగా పాడుకునే కుర్రవాడు మైకు ముందుకు రాగానే వచ్చిన పాటే మరచిపోతాడు. ఇందులో సిగ్గుపడవలసింది ఏమీ లేదు.

చిన్నప్పుడు మా దగ్గర ఉర్దూ నేర్చుకున్న ఐరాల కుర్రవాడొకడు ఇప్పుడు హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్నాడు. గజళ్ళు పాడాలని వానికి ఎంతో కాలంగా కోరిక. ఆ నగరంలో 'ఓపెన్ మైక్' పేరుతో కొన్నిచోట్ల సాయంత్రాలు జరుగుతుంటాయి. పేరు రాయించుకున్నవారు ఎవరైనా సరే, వంతు వచ్చినప్పుడు వేదిక ఎక్కి కొన్ని నిమిషాలు పాడవచ్చు, కవిత చదవవచ్చు. బంజారా హిల్స్‌లో 2010లో మొదలైన 'లామకాన్' ఇటువంటి కార్యక్రమాలకు పేరు పొందింది.

మన కుర్రవాడు అలాంటి ఒక వేదిక మీద పాడి, మర్నాడు మాకు ఫోను చేశాడు. "సాబ్, రెండో షేర్ మరిచిపోయినాను. కాళ్ళు వణికినాయి. కానీ ఎవురూ నవ్వలేదు. గుర్తొచ్చేదాకా ఓపిగ్గా కూచున్నారు. అబ్బాకు మీరే చెప్పాల సాబ్, నాకు ధైర్యం చాల్లేదు" అన్నాడు.

పేరు కొత్తదే గాని, ఈ పద్ధతి మనకు కొత్తది కాదు. ముషాయిరాల్లో కొత్త కవులు ముందు చదువుతారు, ఉస్తాదులు తరువాత చదువుతారు, సదర్ చివరన చదువుతారు. కుర్రవాడు మంచి షేర్ చదివితే పెద్దలే 'వాహ్‌వా' అంటారు, 'ముకర్రర్' అని మళ్ళీ చదివిస్తారు. ఆ ఒక్క మాటతో వానికి పదేళ్ళకు సరిపడా బలం వస్తుంది.

అయితే వేదిక దొరికినంత మాత్రాన విద్య రాదు. ఒంగోలు దగ్గరి కరవదిలో పుట్టిన షేక్ చిన మౌలానా గారి జీవితం ఇందుకు నిదర్శనం. వారిది తరతరాల నాదస్వర కుటుంబం. చిలకలూరిపేట ఆదం సాహెబ్ దగ్గర శిక్షణ పొందారు. అంతటితో తృప్తి చెందక, తంజావూరు బాణీ మీది మక్కువతో తమిళదేశం వెళ్ళి, నాచ్చియార్‌కోయిల్ సోదరులైన రాజం, దురైకణ్ణుల దగ్గర మళ్ళీ శిష్యరికం చేశారు. 1998లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ వారికి సంగీత కళానిధి బిరుదు ఇచ్చింది. 1999లో కన్నుమూసిన ఆ విద్వాంసుని శిష్యులైన కాలీషాబీ, మహబూబ్ సుభానీ దంపతులకు 2020లో పద్మశ్రీ లభించింది. రియాజ్ ఎంతటి పెట్టుబడో దీన్ని బట్టి గ్రహించవచ్చు.

కొత్తగా వేదిక ఎక్కే పిల్లలకు నాలుగు మాటలు చెప్పదలచాము. బాగా వచ్చిన ఒక్క పాటనే ఎంచుకోండి. ఇంట్లో పాడే శ్రుతిలోనే పాడండి. జనాన్ని చూసి శ్రుతి పెంచితే పై స్థాయిలో గొంతు పలకదు. ముందుగా వెళ్ళి మైకు ఎంత దూరంలో పెట్టుకుంటే మాట స్పష్టంగా వినిపిస్తుందో చూసుకోండి. తప్పు పోతే క్షమాపణలు చెబుతూ నిలబడకండి, పాట సాగించండి. ఇచ్చిన సమయంలోనే ముగించండి. మీ వంతు కాగానే లేచి పోకుండా తక్కినవారిని వినండి. ఇతరులను విననివాడు ఎన్నటికీ పాడలేడు.

సంగీతం విషయంలో, ముఖ్యంగా వాయిద్యాల విషయంలో ఉలమాల మధ్య భిన్నాభిప్రాయాలు ఉన్న సంగతి పాఠకులకు తెలిసిందే. ఆ చర్చ ఈ వ్యాసం పరిధిలోనిది కాదు. మేము చెప్పేది ఒక్కటే. ఏం పాడుతున్నాడో, ఎక్కడ పాడుతున్నాడో బిడ్డ ఇంట్లో చెప్పుకోగలగాలి. చెప్పుకోలేని ఇంట్లో దాపరికం పెరుగుతుంది. దాపరికం పెరిగిన చోట మంచీచెడూ చెప్పే అవకాశం పెద్దలకు ఉండదు.

ఇక అసలు విషయానికి వస్తే, మేము ఐరాల వెళ్ళి కుర్రవాని తండ్రిని కలిశాము. బెల్లం వండే గానుగ దగ్గర ఉన్నాడాయన. కోప్పడతాడని అనుకున్నాము. అంతా విని చాలాసేపు మాట్లాడలేదు. తరువాత "పరాయోళ్ళ ముందర పాడినాడు, మాకెందుకు వినిపించలేదు సాబ్?" అని అడిగాడు. ఆ గొంతులో కోపం లేదు, నొప్పి ఉంది. "ఇంట్లో ఎప్పుడైనా కూనిరాగం తీస్తే, నోరు మూసుకొని చదువుకోమంటి" అని తానే అన్నాడు.

ఆ మాటకు మేమూ తల దించుకున్నాము. తరగతిలో పాడే పిల్లల్ని మేమూ అలాగే గద్దించాము గదా! ముక్కూ మొహం తెలియని జనం కొత్త గొంతు తడబడితే ఓపిక పట్టారు. కన్నవారమూ, చదువు చెప్పినవారమూ ఆ ఓపిక చూపలేకపోయాము.

ఈ పండుగకు వస్తున్నానని కుర్రవాడు కబురు పంపాడు. రాత్రి భోజనాలయ్యాక వాళ్ళ నడింట్లో పాడతాడట. మమ్మల్నీ పిలిచారు. తప్పక వెళ్తాము. రెండో షేర్ మళ్ళీ మరచిపోయినా సరే, గుర్తొచ్చేదాకా కూర్చుంటాము. మీ ఇంట్లోనూ ఇలాంటి గొంతు ఒకటి ఉండవచ్చు. ఈ రాత్రి ఆ బిడ్డను దగ్గర కూర్చోబెట్టుకొని ఒక్క పాట వినండి.