లైటు ఆరింది కదా అని చెయ్యి పెట్టొద్దు!

హుటాన్ మెలింటాంగ్ (మలేషియా): పెరాక్ రాష్ట్రంలో, బెర్నాం నది ఒడ్డున చేపల రేవు, చుట్టూ ఆయిల్ పామ్ తోటలు ఉన్న చిన్న ఊరు ఇది. ఇలాంటి చోట షెడ్డు కట్టినా, మిల్లు కట్టినా పంపులు, కన్వేయర్లు, ఫ్యాన్లు తప్పవు. వాటి కరెంటు ప్యానళ్లలో కాంటాక్టర్ల పక్కనే ఇప్పుడు అగ్గిపెట్టె సైజు నల్ల డబ్బాలు కూడా కనిపిస్తున్నాయి. వాటి పేరు సాలిడ్ స్టేట్ రిలే. 'టక్' మని చప్పుడు చెయ్యవు, అరిగిపోయే పాయింట్లు ఉండవు. కానీ వాటి సంగతి తెలియకుండా పనిచేస్తే ప్రాణాలకే ముప్పు.

ఆఫ్ అంటే పూర్తిగా ఆఫ్ కాదు

కాంటాక్టర్ ఆఫ్ అయితే పాయింట్లు విడిపోయి మధ్యలో గాలి ఖాళీ వస్తుంది. ఈ రిలేలో అది లేదు. ఆఫ్‌లో ఉన్నా కొన్ని మిల్లీ ఆంపియర్లు లీకవుతూ ఉంటాయి. పైగా పాడైతే చాలాసార్లు ఆన్‌లోనే ఉండిపోతుంది. మీరు స్విచ్ ఆపినా మోటారు ఆగదు. అందుకే దీన్ని నమ్మి మోటారు విప్పకూడదు. ముందున్న ఐసోలేటర్ ఆపాలి, తాళం వెయ్యాలి, ట్యాగ్ కట్టాలి, టెస్టర్‌తో చూసుకోవాలి.

ఆ 25 ఆంపియర్లు దేనికి?

డబ్బా మీద 25 ఆంపియర్లు అని ఉంటే అది సాధారణంగా హీటర్ లాంటి లోడుకే. మోటారు స్టార్టయ్యేటప్పుడు మామూలు కరెంటుకు ఆరేడు రెట్లు లాగుతుంది. కాయిల్ ఆపినప్పుడు వోల్టేజీ ఒక్కసారిగా ఎగదన్నుతుంది. అందుకే పరీక్షలు వేరు వేరుగా ఉన్నాయి. హీటర్లకు ఐఈసీ 60947-4-3లో ఏసీ-51 తరగతి, మోటార్లకు ఐఈసీ 60947-4-2లో ఏసీ-53ఎ తరగతి. మోటారుకు వాడే రిలేకు ఏసీ-53ఎ కింద ఎన్ని ఆంపియర్లు రాశారో చూడాలి. ఆ అంకె చాలా తక్కువగా ఉంటుంది.

వేడి సంగతీ మరవొద్దు. ఒక్కో ఆంపియరుకు ఇంచుమించు ఒక వాట్ వేడి పుడుతుంది. ఈ ఎండల్లో, మూసిన ప్యానల్లో హీట్ సింక్ లేకుండా బిగిస్తే అది మాడిపోవడం ఖాయం.

ముద్రలన్నీ ఒకటి కావు

సీఈ ముద్ర ఇలాంటి సామానుపై చాలావరకు తయారీదారు తనకు తానే ఇచ్చుకునే హామీ. యూఎల్ ముద్ర బయటి సంస్థ పరీక్షించాక ఇచ్చేది. సిరిమ్ లేబుల్ ఇక్కడ ప్లగ్గులు, సాకెట్ల వంటి జాబితా వస్తువులపై ఉంటుంది. ప్యానల్ లోపలి ప్రతి భాగంపైనా అది కనిపించకపోవచ్చు. అలాంటప్పుడు సప్లయర్‌ని టెస్ట్ రిపోర్టు అడగండి. అందులో లోడు తరగతి ఉండాలి.

ఇంకోమాట. మన ఐటీఐ, డిప్లొమా ఉన్నంతమాత్రాన ఇక్కడ వైరింగు బాధ్యత తీసుకోలేం. దానికి ఎనర్జీ కమిషన్ ఇచ్చే కాంపిటెన్సీ సర్టిఫికెట్ ఉన్న వైర్‌మన్ పర్యవేక్షణ ఉండాలి. "ఒక్క నిమిషం పనే, విప్పెయ్" అంటే ఒప్పుకోకండి.

తప్పుకునే హక్కు ఉంది

పని ఆపితే తిడతారనీ, జీతం కోస్తారనీ మనవాళ్లకు భయం. 1994 నాటి కార్మిక భద్రతా చట్టానికి చేసిన సవరణలు 2024 జూన్ 1 నుంచి అమల్లోకి వచ్చాయి. కళ్లెదుట ప్రమాదం ఉండి, యజమాని దాన్ని తొలగించకపోతే అక్కడి నుంచి తప్పుకునే హక్కు కార్మికుడికి ఉంది. నాలాంటి సూపర్‌వైజర్లు కూడా ఈ మాట తమ మనుషులకు చెప్పాలి. తాళం వెయ్యడానికి పట్టేది ఐదు నిమిషాలు. ఆ ఐదు నిమిషాలు అడిగి తీసుకోండి.