మ్యూజియంలోకి కొత్త బొమ్మలు ఎలా వస్తాయి? మదనపల్లె ప్రిన్సిపాల్ ఏం చేశారంటే..

గుర్రంకొండ వాళ్లకు మదనపల్లె పక్క ఊరే. 1919లో ఠాగూర్ జనగణమనను ఇంగ్లీషులోకి మార్చింది అక్కడి థియోసాఫికల్ కాలేజీలోనే అని అందరికీ తెలుసు. అప్పటి ప్రిన్సిపాల్, ఐరిష్ కవి జేమ్స్ కజిన్స్ చేసిన ఇంకో పని మాత్రం చాలామందికి తెలియదు. మైసూరు జగన్మోహన్ ప్యాలెస్‌లో 1924లో, తిరువనంతపురం శ్రీ చిత్రాలయంలో 1935లో ఆర్ట్ గ్యాలరీలు రావడం వెనక ఉన్నది ఆయనే.

తిరువనంతపురంలో రవివర్మ బొమ్మలతోనే సరిపెట్టలేదు. బెంగాల్ స్కూల్ ఆర్టిస్టులవి, నికోలస్ రోరిక్‌వి.. అంటే అప్పటి కొత్త ఆర్ట్ కూడా చేరింది. మొఘల్, తంజావూరు, చైనా, జపాన్ చిత్రాలూ అక్కడే ఉన్నాయి. పాతదాని పక్కన పెడితేనే కదా, కొత్తదాంట్లో ఏం మారిందో తెలిసేది!

మరి ఇప్పుడెలా? ఢిల్లీలో 1954లో మొదలైన నేషనల్ గ్యాలరీ ఆఫ్ మోడర్న్ ఆర్ట్‌లో బొమ్మలను కమిటీ చూసి ఎంపిక చేస్తుంది. కొన్నింటిని కొంటారు, కొన్ని కానుకగా వస్తాయి. అయితే మ్యూజియానికి వచ్చినవన్నీ గోడ మీదికి ఎక్కవు. కాగితం మీద వేసిన బొమ్మలు వెలుతురుకు వెలిసిపోతాయి. అందుకే కొన్నాళ్లు చూపించి, మళ్లీ లోపల భద్రంగా దాస్తారు.

గుర్రంకొండలో కోట ఉంది, రంగినీ మహల్ ఉంది. మన ప్రాంతంలో బొమ్మలు వేసేవాళ్లూ ఉన్నారు. బిల్డింగ్ ఎప్పుడైనా కట్టుకోవచ్చు. కానీ ఇవాళ్టి బొమ్మలను ఇవాళే ఎవరో ఒకరు కొని దాచకపోతే, రేపు ఆ గోడలకు తగిలించడానికి ఏముంటుంది?